నర్సు పిన్ను మీద కొంగ

1880లో న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రి నర్సింగ్ పాఠశాలలో చదువు ముగించిన యువతులకు ఒక చిన్న పిన్ను ఇచ్చారు. చేసింది టిఫనీ వాళ్లు, అంటే కోటీశ్వరుల ఇళ్లకు వజ్రాలమ్మే దుకాణం. పిన్ను నడుమ కొంగ, దాని చుట్టూ నీలి వలయం, ఆపైన గసగసాల కాయల దండ.

కొంగ అనగానే మనకు దొంగజపమే గుర్తొస్తుంది. యూరప్ పాత కథల్లో మాత్రం దానిది కాపలా పని. ఒంటికాలి మీద నిలబడి, ఎత్తిన కాలితో రాయి పట్టుకుంటుందట. కునుకు పడితే రాయి జారి మెలకువ వచ్చేస్తుంది. రాత్రి డ్యూటీ చేసే మనిషికి ఇంతకన్నా తగిన పక్షి ఏముంటుంది! నీలిరంగు నిలకడకు గుర్తు. ఇక గసగసాల కాయ నిద్రకూ ఉపశమనానికీ గుర్తు. ఆ రోజుల్లో నొప్పికి గట్టి మందు మార్ఫిన్, అది పుట్టేదీ ఆ కాయ పాలలోంచే.

నర్సుకు నగ ఇవ్వడం అంతకుముందు లేదని కాదు. 1855లో విక్టోరియా రాణి ఫ్లోరెన్స్ నైటింగేల్‌కు ఒక బ్రోచ్ పంపింది. దాన్ని రూపుదిద్దింది రాణి భర్త ఆల్బర్ట్. ఎర్ర ఎనామెల్ శిలువ, పైన వజ్రాల కిరీటం. ఇప్పుడది లండన్‌లోని జాతీయ సైనిక మ్యూజియంలో ఉంది. అయితే అది ఒక్క మనిషికి రాజుగారింటి కానుక. బెల్‌వ్యూ పిన్ను అలా కాదు, చదువు పూర్తిచేసిన ప్రతి ఒక్కరిదీ.

ఆ పిన్నుతో పనేమిటన్నది అసలు కథ. అప్పట్లో శిక్షణ పొందిన నర్సుల్లో ఎక్కువమంది ఆసుపత్రుల్లో ఉండేవారు కాదు. కలవారి ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసుకునేవారు. నర్సునని చెప్పుకోవడానికి ఎవరికీ అడ్డు లేదు, ఎందుకంటే చట్టమే లేదు. నర్సుల రిజిస్ట్రేషన్‌కు అమెరికాలో మొదటి చట్టం నార్త్ కరోలినాలో వచ్చింది, అదీ 1903లో. 1873లో మూడు పాఠశాలలతో మొదలైన చదువు 1900 నాటికి నాలుగు వందల పాఠశాలలు దాటింది. వాటిలో మంచివీ ఉన్నాయి, పేరుకు మాత్రమే ఉన్నవీ ఉన్నాయి. కాబట్టి గుమ్మంలో నిలబడ్డ నర్సు ఏ ఆసుపత్రిలో తయారైందో ఆ ఇంటి యజమానురాలికి ముందుగా చెప్పేది ఆమె ఛాతీ మీది పిన్నే. అలంకారం పేరుతో అది లైసెన్సు పని చేసింది.

దాన్ని సంపాదించడం అంత తేలిక కాదు. విద్యార్థినులే వార్డుల్లో పనివాళ్లు. ఆసుపత్రి నడిచేది వాళ్ల రెక్కల మీదే. బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ ఆసుపత్రి పాఠశాలలో 1878లో మేరీ ఎలైజా మహోనీతో కలిపి 42 మంది చేరితే, మరుసటి ఏడాది గట్టెక్కింది నలుగురే. అమెరికాలో శిక్షణ పూర్తిచేసిన మొదటి నల్లజాతి నర్సు మహోనీయే. ఏళ్ల తరబడి దాదాపు ఉచితంగా చేయించుకున్న చాకిరీకి చివర్లో చిటికెడు బంగారం ఇచ్చారంటే, లాభపడింది ఎవరో లెక్క వేయనక్కర్లేదు. ఆ బంగారమైనా ఎక్కువగా 10 లేదా 14 క్యారెట్లది. 22 క్యారెట్లకు తక్కువైతే ముఖం చిట్లించే మన ఇళ్లలో దాన్ని నగ కింద జమకట్టరేమో!

బ్రిటన్‌లో బ్యాడ్జీకి తోడు బెల్టు బకిల్ కూడా ఉండేది. పరీక్ష నెగ్గిన నర్సు యూనిఫాం బెల్టుకు వెండి బకిల్ పెట్టుకునేది. చాలాసార్లు అది ఇంట్లోవాళ్లు కొనిచ్చిందే. వెనక చిన్న లంగరు ముద్ర ఉంటే వెండిని పరీక్షించింది బర్మింగ్‌హామ్‌లో, పక్కన నడిచే సింహం ఉంటే మేలిరకం వెండి. ముద్రల్లోని అక్షరాన్ని బట్టి ఏ సంవత్సరానిదో కూడా తేలిపోతుంది.

పిన్నుల్లో ఎక్కువగా కనిపించే ఆకారం ఎనిమిది మొనల మాల్టా శిలువ. మధ్యయుగంలో రోగులకు ఆశ్రయమిచ్చిన హాస్పిటలర్ యోధుల గుర్తది. 1943లో అమెరికా ప్రభుత్వం యుద్ధ అవసరాలకు క్యాడెట్ నర్సుల దళాన్ని పెట్టి లక్షకు పైగా యువతులకు ఉచితంగా శిక్షణ ఇచ్చినప్పుడు, వాళ్ల యూనిఫాం చేతి మీద కుట్టిందీ ఆ శిలువనే.

తర్వాత గాలి మళ్లింది. నర్సింగ్ చదువు కాలేజీలకు మారాలని అమెరికన్ నర్సుల సంఘం 1965లో తేల్చిచెప్పింది. ఆసుపత్రి పాఠశాలలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బెల్‌వ్యూ పాఠశాల 1960ల చివర్లో హంటర్ కాలేజీలో కలిసిపోయింది. పిన్ను పెట్టే వేడుక కాలేజీల్లో ఇంకా జరుగుతోంది. పాత పిన్నులు మాత్రం పాత సామాన్ల సంతల్లోకీ, సేకర్తల పెట్టెల్లోకీ చేరుతున్నాయి. కొన్న వాళ్లు ముందుగా తిప్పి చూసేది వెనకవైపు. అక్కడ చాలావాటి మీద పొడి అక్షరాలూ పట్టా పొందిన ఏడాదీ చెక్కి ఉంటాయి. చిక్కల్లా ఆ అక్షరాలు పుట్టింటి పేరువి కావడమే. పెళ్లయినవారిని చాలా పాఠశాలలు చేర్చుకునేవి కావు, పెళ్లితో ఇంటిపేరు మారిపోయేది. అందుకే అమ్మమ్మ పిన్ను కోసం వెతికే మనవరాలు ముందుగా ఆమె పెళ్లికి ముందటి ఇంటిపేరు తెలుసుకుని రావాలి.