జపాన్, యూదు శరణార్థులు (1938–45)

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసిన జపాన్ హిట్లర్‌కు మిత్రదేశం. అయినా యూదుల నిర్మూలనలో అతనితో చేయి కలపలేదు.

1938 డిసెంబరులో టోక్యోలో ఐదుగురు మంత్రుల సమావేశం యూదులను మిగతా విదేశీయులతో సమానంగా చూడాలని తీర్మానించింది. దాని వెనుక జాలి కన్నా లెక్కే ఎక్కువ: పెట్టుబడి కావాలి, అమెరికాతో చెడకూడదు.

నిజమైన దయ చియునే సుగిహారాది. లిథువేనియాలోని కౌనాస్‌లో జపాన్ కాన్సులేట్ చూసుకుంటున్న ఆయన 1940 వేసవిలో, పైనుంచి ఒప్పుకోకపోయినా, 2,000కు పైగా ట్రాన్సిట్ వీసాలు రాసిచ్చారు. వాటిని పట్టుకుని ఎందరో సైబీరియా రైల్లో వ్లాదివోస్తోక్ చేరి, ఓడెక్కి త్సురుగా రేవులో దిగి, కోబెలో తలదాచుకున్నారు.

జపాన్ చేతిలో ఉన్న షాంఘైలో అలా జరగలేదు. 1943 ఫిబ్రవరి ఉత్తర్వుతో జపాన్ సైన్యం అక్కడి యూదు శరణార్థులను హోంగ్‌క్యూ పేటలోకి నెట్టింది. పాసు లేనిదే గడప దాటనివ్వలేదు. ఆకలితో, జబ్బులతో అక్కడే కన్నుమూసినవారున్నారు.