గాలి తీస్తే కదిలిన లారీ

1942లో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో తిరుగుతున్న ఒక బ్రిటిష్ దళం తన లారీలు మార్చుకుంది. అప్పటిదాకా వాడినవి ఫోర్డ్ ఎఫ్30లు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండ్లు. వాటిని వదిలి తెచ్చుకున్నవి షెవర్లే లారీలు. వాటిలో వెనక చక్రాలే బండిని తోస్తాయి, ముందువి ఊరికే దొర్లుతాయి. ఇసుకలో తిరిగే బండికి ఫోర్ వీల్ డ్రైవ్ లేకపోతే ఎలా అని షోరూంలో అమ్మేవాడు అంటాడు, కొనేవాడు తలూపుతాడు. ఆ దళం మాత్రం ఉన్నదాన్ని చేతులారా వదులుకుంది.

వాళ్లేమీ ఎడారికి కొత్తవాళ్లు కారు. లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అని ఆ దళం పేరు. శత్రువు కంట పడకుండా దక్షిణంగా చుట్టు తిరిగి, లిబియా లోపలికి వందల మైళ్లు చొచ్చుకుపోయి, ఏ దారిన ఎన్ని బండ్లు పోతున్నాయో లెక్కపెట్టుకుని రావడం వాళ్ల ముఖ్యమైన పని. దారిలో బంకు ఉండదు, బావి కూడా అరుదే. ఫోర్డ్ బండి బరువైనది, పెట్రోలు విపరీతంగా తాగేది. తాగబోయే పెట్రోలంతా ఆ బండే మోయాలి. బరువు పెరిగినకొద్దీ చక్రం ఇంకా లోతుకు దిగుతుంది, దిగినకొద్దీ ఇంకా తాగుతుంది. ఈ లెక్క తేలాక తేలికపాటి షెవర్లేలే మేలనుకున్నారు. రెండు చక్రాల బలంతోనే ఇసుక దాటే విద్య వాళ్ల చేతిలో ఉంది మరి. అది రెండో ప్రపంచ యుద్ధానికి చాలా ముందు, కొందరు అధికారుల సెలవుల్లో పుట్టింది.

రాల్ఫ్ బాగ్నాల్డ్ బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు. 1920లలో ఈజిప్టులో ఉద్యోగం. సెలవు దొరికితే చాలు, నలుగురు మిత్రులను పోగేసి ఫోర్డ్ మోడల్ టీ కార్లలో ఎడారిలోకి వెళ్లేవాడు. ఆ తర్వాత అవిభక్త భారతదేశపు వాయవ్య సరిహద్దుకు బదిలీ అయినా, సెలవు పెట్టి మళ్లీ ఈజిప్టు ఎడారికే పోయేవాడు. ఖర్చు సైన్యానిది కాదు, సొంత జేబుల్లోది. అందుకే వాళ్ల ఉపాయాలన్నీ చవకవి. రేడియేటరు నీళ్లు మరిగి ఆవిరైపోతుంటే, ఆ ఆవిరిని గొట్టంతో పక్కనున్న నీళ్ల డబ్బాలోకి మళ్లించారు. ఇంజను చల్లబడగానే రేడియేటరే ఆ నీళ్లను తిరిగి పీల్చుకునేది. చుట్టూ ఇనుము ఉండేసరికి మామూలు దిక్సూచి అబద్ధాలు చెబుతుంటే, సూది నీడతో దిక్కు చూపే సూర్య దిక్సూచిని బాగ్నాల్డ్ తయారుచేశాడు. కైరోలో ఒక పాత ఇనుప సామాన్ల కొట్టులో దోనెల్లాంటి ఉక్కు రేకులు దొరికాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు తలదాచుకునే గుంతలకు పైకప్పుగా వేయడానికి చేసినవవి. దిగబడ్డ చక్రం ముందు వాటిని పరిస్తే బండి పైకి లేచి వచ్చేది. ఈ రోజుల్లో ఆఫ్‌రోడ్ బండ్ల నెత్తిన కట్టుకుని తిరిగే ప్లాస్టిక్ పలకలు వాటి వారసులే.

అన్నిటికంటే చవకైన ఉపాయానికి కొట్టుకు కూడా వెళ్లనక్కర్లేదు. వాల్వు పిన్ను నొక్కి టైర్లలో గాలి కొంత వదిలేయడమే.

ఇది ఎందుకు పనిచేస్తుందో చిన్న లెక్కతో చూడొచ్చు. గాలి టైరు నేల మీద మోపే ఒత్తిడి, దాని లోపలి గాలి ఒత్తిడికి దగ్గరదగ్గరగా ఉంటుంది. ఒక చక్రం మీద 1000 కిలోల బరువు ఉందనుకుందాం. టైరులో 35 పౌండ్ల గాలి ఉంటే నేలను తాకే మేర సుమారు 400 చదరపు సెంటీమీటర్లు. అంటే జానెడు పొడవు, జానెడు వెడల్పు. అదే గాలిని 15 పౌండ్లకు దించితే ఆ మేర 950 చదరపు సెంటీమీటర్లకు చేరుతుంది. టైరు గోడల బిగువు కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి అచ్చంగా ఇంత పెరగదు. అయినా తేడా తక్కువేం కాదు. ఒంటె అడుగు మోపగానే పాదం పరుచుకున్నట్టు టైరు పరుచుకుంటుంది. పెరిగేది వెడల్పు కంటే పొడవు అన్న సంగతి చాలామంది గమనించరు. గట్టిగా గాలి కొట్టిన టైరు తన ముందు తానే ఇసుక గట్టు పోగేసుకుని, దాన్ని ఎక్కలేక అక్కడే తిరుగుతూ గొయ్యి తవ్వుకుంటుంది. గాలి తగ్గించిన టైరు ఆ గట్టును పోగవనివ్వకుండా అణచుకుంటూ పోతుంది. టైరు మీది గట్ల సంగతీ ఇంతే. బురదలో లోతైన గట్లు పట్టునిస్తాయి, పొడి ఇసుకలో అవే తవ్వుతాయి. ఎడారి టైర్లు దాదాపు నున్నగా ఉండేది అందుకే.

ఇసుక అంతా ఒక్కటి కాదని కూడా బాగ్నాల్డ్ అక్కడే నేర్చుకున్నాడు. ఈజిప్టు పడమటి అంచున గ్రేట్ శాండ్ సీ అని ఒక ఇసుక సముద్రం ఉంది. 1874లో జర్మన్ యాత్రికుడు గెర్హార్డ్ రోల్ఫ్స్ ఒంటెలతో వచ్చి, దిబ్బల వరసలు దాటలేక దారి మళ్లించుకున్నాడు. బాగ్నాల్డ్ బృందం అక్కడికి కార్లతో వెళ్లింది. గాలి వీచే వైపు వాలులో రేణువులు దగ్గరగా సర్దుకుని నేల గట్టిగా ఉంటుంది, అవతలి వాలు జారిపోతుంది. గట్టి వైపు నుంచి జంకకుండా వేగంగా పోతే బండి దిబ్బ ఎక్కేస్తుంది. రేణువులు ఇలా ఎందుకు సర్దుకుంటాయన్న ప్రశ్న ఆయన్ను వదల్లేదు. సైన్యం నుంచి బయటికొచ్చాక లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో గాలి సొరంగం కట్టి ఇసుకను ఎగరేసి కొలిచాడు. ఆ పరిశోధన 1941లో పుస్తకంగా వచ్చింది. అంగారకుడి మీద క్యూరియాసిటీ రోవర్ పరిశీలించిన ఇసుక దిబ్బలకు ఆయన పేరే పెట్టారు. ఆ రోవర్ చక్రాలు అల్యూమినియంవి, వాటిలో గాలి లేదు. రాళ్లు గుచ్చుకుని వాటికీ చిల్లులు పడ్డాయి.

1940లో, మళ్లీ సైన్యంలో చేరిన బాగ్నాల్డ్ ఆధ్వర్యంలో ఆ దళం ఏర్పడ్డప్పుడు ఈ విద్యంతా లారీలకెక్కింది. తలుపులు, ముందు అద్దాలు పీకేశారు. స్ప్రింగులకు అదనపు పట్టీలు వేశారు. ఇసుక రాగానే గాలి తీయడం, గట్టి నేల రాగానే దిగి పంపుతో కొట్టడం. మొదటి పని నిమిషాల్లో అయిపోతుంది. రెండోది ఎండలో, ప్రతి బండికీ, ప్రతి చక్రానికీ చేయాలంటే ఎంత విసుగో వేరే చెప్పక్కర్లేదు.

ఆ విసుగుకు మందు అమెరికాలో దొరికింది. 1942లో జనరల్ మోటార్స్ రెండున్నర టన్నుల సైనిక లారీకి పడవ ఆకారం తొడిగి, నీళ్లలో ఈది ఒడ్డుకెక్కే బండిని తయారుచేసింది. పేరు డీయూకేడబ్ల్యూ, జనం నోట డక్. ఈ బండిని ఓడ దగ్గర సరుకెత్తుకుని, నీళ్లలోంచి నేరుగా ఇసుక మీదికొచ్చి, అక్కణ్ణించి రోడ్డెక్కడానికి చేశారు. తీరంలో శత్రువు తుపాకీ ఎదుట దిగి గాలి కొట్టుకుంటూ కూర్చోవడం కుదరదు. రూపకర్తల్లో ఒకడైన ఫ్రాంక్ స్పియర్ పరికరంతో డ్రైవరు సీట్లో కూర్చునే గాలి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. బండిలోని కంప్రెసర్ నుంచి గొట్టం టైరు మీదుగా చుట్టి హబ్ మధ్యకు వస్తుంది. అక్కడ తిరిగే కీలు ఒకటి. ఆ కీలు దగ్గర్నుంచి చక్రంతో పాటు తిరిగే చిన్న గొట్టం వాల్వుకు. బండి పోతుండగానే టైరు ఉబ్బుతుంది, తగ్గుతుంది. ఇలా చేయగలిగిన మొదటి బండి అదే. బయట వేలాడే ఆ గొట్టాలు మాత్రం చెట్టు కొమ్మకో రాయికో తగిలితే ఊడిపోయే రకం.

తర్వాతి అధ్యాయం సోవియట్ యూనియన్‌లో నడిచింది. నాకు ఈ కథలో బాగా నచ్చేది ఇదే, ఎందుకంటే ఇక్కడ తెలిసి తెలిసీ తప్పు చేశారు. యుద్ధకాలంలో అమెరికా పంపిన స్టూడ్‌బేకర్ లారీలు చూశాక, 1948లో మాస్కో కర్మాగారం జిస్-151 తెచ్చింది. మూడు ఇరుసులు, అన్నీ తోసేవే. వెనక రెండు ఇరుసులకూ జంట టైర్లు. జంట టైర్లు మన లారీలకూ ఉన్నాయి, తారు రోడ్డు మీద అవి సబబైనవే. బరువు పంచుకుంటాయి, ఒకటి పంక్చరైనా రెండోది షాపు దాకా చేరుస్తుంది. మెత్తటి నేలలో కథ మారిపోతుంది. ముందు చక్రం ఒక గాడి తొక్కి వెళ్తుంది. వెనక వచ్చే జంట ఆ గాడిలో సరిపడదు, తన గాడులు తాను కొత్తగా తొక్కుకోవాలి, అంటే ఇంజను మళ్లీ మొదటి నుంచి కష్టపడాలి. రెండు టైర్ల మధ్య సందులో బురద, రాళ్లు ఇరుక్కుంటాయి. బండి బరువుగా ఈడ్చుకుంటూ పోతుంటే డ్రైవర్లు దానికి ఇస్త్రీపెట్టె అని పేరు పెట్టారు. వెనక కూడా ఒంటి టైర్లతో ఒక నమూనా 1946లోనే తయారైంది. ఎంపిక మాత్రం జంట టైర్లకే దక్కింది.

పదేళ్ల తర్వాత, 1958లో, అదే కర్మాగారం నుంచి జిల్-157 వచ్చింది. ఇంజను బలం కొద్దిగానే పెరిగింది. మారింది కింద. పెద్ద ఒంటి టైర్లు, ముందూ వెనకా చక్రాల ఎడం ఒకటే. ముందు చక్రం అణచిన గాడిలోనే వెనక చక్రాలు దొర్లుతాయి. గాలి గొట్టాలు బయట వేలాడకుండా హబ్ లోపల్నుంచే పోతాయి. తిరిగే భాగానికీ తిరగని భాగానికీ మధ్య గాలి జారిపోకుండా రబ్బరు సీళ్లు. చదరపు సెంటీమీటరుకు మూడున్నర కిలోల నుంచి సుమారు అర కిలో దాకా ఒత్తిడి దించొచ్చు. అంత తక్కువ గాలిలో మామూలు టైరైతే రిమ్ము వదిలేసి ఊడొస్తుంది. అందుకని టైరు అంచులను లోపల్నుంచి రిమ్ముకు అదిమిపట్టే ఉక్కు కడియం పెట్టారు. టైరుకు చిల్లు పడ్డా, కంప్రెసర్ గాలి పోస్తూనే ఉంటుంది కాబట్టి బండి ఆగదు. చైనా దీన్ని తన పేరుతో తయారుచేసుకుంది. ఇస్త్రీపెట్టె మీద కొత్త బండిని గెలిపించింది గుర్రపు శక్తి కాదు, నాలుగు టైర్లు తీసేయడం, గాలి దించడం.

ఇక ఇరుసులు. టైరు ఎంత పరుచుకున్నా, ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా వేలాడే డిఫరెన్షియల్ గాడుల మధ్య గట్టుకు తగిలితే బండి కడుపు మీద కూర్చుంటుంది. టైరు వ్యాసం పది సెంటీమీటర్లు పెంచితే ఎత్తు ఐదే పెరుగుతుంది. దీనికి జర్మనీలో రైతు కోసం చేసిన బండి దారి చూపింది. యుద్ధం ముగిశాక ఆల్బర్ట్ ఫ్రీడ్రిష్ రూపొందించిన యూనిమాగ్‌లో ఇరుసు చక్రం మధ్యకు కాకుండా పైగా వస్తుంది. హబ్‌లో పళ్ల చక్రాల జత ఆ బలాన్ని కిందికి దించుతుంది. నేలకూ డిఫరెన్షియల్‌కూ మధ్య ఖాళీ పెరుగుతుంది. చక్రాల ఎడం 1270 మిల్లీమీటర్లు, సరిగ్గా రెండు బంగాళాదుంప సాళ్లకు సరిపోయేలా. హబ్‌లోనే వేగం తగ్గి బలం పెరుగుతుంది కాబట్టి మధ్యలోని షాఫ్టులు సన్నగా ఉన్నా చాలు. ఖరీదు, బరువు, మార్చాల్సిన సీళ్లు మాత్రం పెరుగుతాయి.

ఇంకో దారి టాట్రాది. చెకోస్లోవాకియాలో హాన్స్ లెడ్విన్కా 1923లో టాట్రా 11 అనే చిన్న కారుకు ఛాసిస్ బదులు ఒక లావుపాటి గొట్టం వెన్నెముకగా పెట్టి, అర ఇరుసులు దేనికది ఊగేలా అమర్చాడు. ఒక చక్రం గోతిలో పడితే పక్క చక్రానికి తెలియదు. మన సైన్యంలో బ్రహ్మోస్ క్షిపణిని మోసే టాట్రా లారీలది ఈ వరసే. ఖాళీగా నిలిపిన టాట్రాను ఎదురుగా చూడండి, చక్రాలు అడుగున లోపలికి ముడుచుకున్నట్టు ఉంటాయి. బరువు పడగానే నిటారుగా నిలుస్తాయి.

ఎత్తు ఉంటే చాలదు. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం గాల్లోకి లేస్తే అది ఊరికే తిరుగుతుంది, నేల మీదున్నది కదలదు. రెండింటినీ కలిపి బిగించే లాక్ ఉంటే నేల మీది చక్రం తోస్తుంది. పట్టు ఉన్న రోడ్డు మీద ఆ లాక్ వేసుకుని మలుపు తిప్పితే షాఫ్టులే విరగొచ్చు.

ఆఫ్‌రోడ్ బండికి డబ్బు పెట్టబోయేవాళ్లు తరచూ ఈ వరసను తలకిందులు చేస్తారు. ముందు ఇరుసులు, లాకులు, పెద్ద రిమ్ములు కొంటారు, గాలి గేజీ కొనడం మర్చిపోతారు. నా మాటైతే ముందు మంచి గేజీ, బండి బ్యాటరీతో నడిచే కంప్రెసర్. ఆ తర్వాత నేలకు తగ్గ టైరు. మిగతావి చివర. ఇసుకలో గాలి తీశాక తారు రోడ్డెక్కే ముందే తిరిగి కొట్టండి. తగ్గిన గాలితో వేగంగా పోతే టైరు గోడలు వంగి వంగి వేడెక్కి చీలిపోతాయి.