విజ్ఞాన కల్పనా పాత్రల ఆయుధాలు, పరికరాల రూపకల్పన

విజ్ఞాన కల్పనా కథలలోని పాత్రలు వాడే ఆయుధాలను, యంత్రాలను, వాహనాలను ఊహించి, గీసి, చిత్రీకరణకు లేదా ప్రదర్శనకు పనికివచ్చే విధంగా తయారు చేయడం కళా దర్శకత్వంలో ఒక భాగం. సినిమా పరిశ్రమలో ఇటువంటి వస్తువులను 'ప్రాపర్టీ' అని వ్యవహరిస్తారు. పౌరాణిక చిత్రంలోని గదకు శిల్పాలలోను, చారిత్రక చిత్రంలోని కత్తికి మ్యూజియంలలోను నమూనాలు దొరుకుతాయి. రాబోయే కాలపు ఆయుధానికి అటువంటి నమూనా ఉండదు. అందువలన ఆ వస్తువు పుట్టిన లోకాన్ని ముందుగా నిర్ణయించుకొని, ఆ తరువాతనే దాని ఆకారాన్ని నిర్ణయించవలసి ఉంటుంది.

నేపథ్యం

లేని వస్తువును ఉన్నట్లు చూపించే విద్య తెలుగువారికి కొత్తది కాదు. చిందు భాగవతంలో రాజులు, రాక్షసులు ధరించే కిరీటాలు, భుజకీర్తులు తేలికైన కర్రతో చేసినవే. ఈ కళకు పేరు తెచ్చినవారిలో 2005లో మరణించిన చిందు ఎల్లమ్మ ఒకరు. ఈమెది నిజామాబాద్ జిల్లా బోధన్ మండలంలోని అమ్దాపూర్. గోదావరికి ఆవల ఉన్న నిర్మల్‌లో బొమ్మలను కూడా తేలికైన పొణికి కర్రతోనే చేస్తారు. చూపరికి బరువుగా కనిపించాలి, ధరించినవారికి తేలికగా ఉండాలి అన్న సూత్రమే నేటి సినిమా ఆయుధాలకు కూడా వర్తిస్తుంది.

1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన మాయాబజార్ చిత్రంలోని 'ప్రియదర్శిని' పేటిక మరొక ఉదాహరణ. తెరిచినవారికి తమకు అత్యంత ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. చూడటానికి అది ఒక పెట్టె మాత్రమే, కాని చూసేవారి మనసును బయటపెడుతుంది. ఈ చిత్రానికి మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళా దర్శకులు.

తెలుగు విజ్ఞాన కల్పనా చిత్రాలలో

మాయాబజార్‌కు సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1991లో ఆదిత్య 369 చిత్రానికి దర్శకత్వం వహించాడు. హెచ్.జి.వెల్స్ 1895లో ప్రచురించిన 'ది టైమ్ మెషీన్' నవల ప్రభావం దీనిపై ఉన్నది. పేకేటి రంగా కళా దర్శకుడు. ఇందులోని కాలయంత్రం కథానాయకుడిని 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కాలానికి, ఆ తరువాత 2504వ సంవత్సరానికి తీసుకువెళుతుంది. ఒకే యంత్రం రాజుల కాలంలోను, రాబోయే కాలంలోను కనిపించవలసి రావడం ఈ చిత్రంలోని ప్రత్యేకత.

2024 జూన్ 27న విడుదలైన కల్కి 2898 ఏ.డి. చిత్రానికి నాగ్ అశ్విన్ దర్శకుడు. దీనికి సింగీతం శ్రీనివాసరావు మార్గదర్శకుడిగా వ్యవహరించాడు. ఈ కథలో కాశీ భూమి మీద మిగిలిన చివరి నగరం. సకల సంపదలు దానిపైన ఉన్న 'కాంప్లెక్స్'లో పోగుపడి ఉంటాయి. కాబట్టి కింద ఉన్నవారి వస్తువులన్నీ అతుకులతోను, తుప్పుతోను కనిపించాలి. ఈ పని ఎంత మొదటి నుండి చేయవలసి వచ్చిందో తెలిపే వీడియోలను చిత్ర బృందం 'ఫ్రమ్ స్క్రాచ్' పేరుతో విడుదల చేసింది. 2022 డిసెంబరు 31న వచ్చిన మొదటి భాగం కేవలం ఒక చక్రం తయారీ గురించినది.

కథానాయకుడు భైరవ వాహనం పేరు బుజ్జి. దీనికి కీర్తి సురేష్ గాత్రం ఇచ్చింది. ముందు రెండు పెద్ద చక్రాలు, వెనుక గోళాకారపు చక్రం ఒకటి ఉన్న ఈ విద్యుత్ వాహనం బరువు సుమారు 6 టన్నులు. మహీంద్రా సంస్థ, కోయంబత్తూరుకు చెందిన జయెం ఆటోమోటివ్స్ సహకారంతో దీనిని నిజంగా నడిచే విధంగా నిర్మించారు. 2024 మే 22న రామోజీ ఫిల్మ్ సిటీలో దీనిని ప్రదర్శించారు. ఇదే చిత్రంలో అశ్వత్థామ చేతి దండం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. యంత్రాల మధ్య ఒక పురాతన వస్తువుగా ఉండి, భైరవ చేతికి వచ్చినప్పుడు అతడు కర్ణుడని తెలియజేస్తుంది.

రూపకల్పన క్రమం

సాధారణంగా ఈ పని కింది దశలలో జరుగుతుంది.

* నేపథ్యం: ఆయుధాన్ని ఎవరు చేశారు, ఏ పదార్థంతో చేశారు, శక్తి ఎక్కడి నుండి వస్తుంది, ఎప్పుడు విఫలమవుతుంది అన్నవి రాసుకోవాలి. పరిమితి లేని ఆయుధం కథలో ఉత్కంఠను చంపుతుంది.
* ఆకారం: బొమ్మను పూర్తిగా నల్లరంగుతో నింపి చూడాలి. అప్పుడు కూడా గుర్తుపట్టగలిగితే ఆకారం కుదిరినట్లే.
* కొలత: అసలు వస్తువుకు ముందు అట్టతో నిజమైన పరిమాణంలో నమూనా చేసి, నటుడి చేతికి ఇచ్చి చూడాలి. పిడి మందం, బరువు పడే చోటు ఇక్కడే తేలుతాయి.
* ప్రతులు: దగ్గరి నుండి తీసే దృశ్యాలకు నగిషీ గల ప్రతి, పోరాటాలకు రబ్బరు లేదా ఫోమ్ ప్రతి విడివిడిగా ఉండాలి.
* పాతబరచడం: చేయి తగిలే చోట రంగు పోవాలి, మూలలలో మురికి చేరాలి. అన్నిచోట్లా సమానంగా పాతబడిన వస్తువు అబద్ధంగా కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ

బోధన్‌లో 1938లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారంలో ఉత్పత్తి 2015 డిసెంబరులో నిలిచిపోయింది. కొన్ని వందల సంవత్సరాల తరువాత ఆ శిథిలాల మధ్య బతికే ఒక పాత్రను ఊహించవచ్చు. అతని చేతిలో మెరిసే లేజరు తుపాకి ఉంటే అది ఎక్కడిదో చెప్పవలసి వస్తుంది. గానుగ రోలరు పళ్ళతో, చెరకును మోసే గొలుసు ముక్కలతో చేసిన ఆయుధం తన కథను తానే చెబుతుంది. భీమ్‌గల్ పరిసరాల నుండి వచ్చిన అతని మిత్రుడి డాలు పసుపు కొమ్ములను ఉడికించే ఇనుప పాత్ర మూత కావచ్చు. దాని అంచున పోని పసుపు మరక ఉంటే ఊరి పేరు చెప్పనవసరం లేదు.

ఇతర దేశాలలో

ఉన్న వస్తువును మార్చి కొత్తది చేయడం పాశ్చాత్య చిత్రాలలో కూడా ఉన్నది. 1977 నాటి స్టార్ వార్స్ చిత్రంలో లూక్ స్కైవాకర్ కాంతి ఖడ్గపు పిడిని రోజర్ క్రిస్టియన్ పాత గ్రాఫ్లెక్స్ కెమెరా ఫ్లాష్ గొట్టంతో తయారు చేశాడు. హాన్ సోలో తుపాకికి ఆధారం మౌజర్ సి96 పిస్తోలు. వాడిన ఆనవాళ్ళు ఉన్న లోహపు వస్తువులు కావడం వలన అవి ఎప్పటి నుండో ఉన్నవన్న నమ్మకం ప్రేక్షకునికి కలిగింది.

భద్రత

నమ్మదగినట్లు కనిపించడం, నిజంగా ప్రమాదకరం కావడం ఒకటి కాదు. 1993లో 'ది క్రో' చిత్రీకరణలో తుపాకి ప్రమాదం వలన నటుడు బ్రాండన్ లీ మరణించాడు. 2021 అక్టోబరు 21న న్యూ మెక్సికోలో 'రస్ట్' చిత్రీకరణలో తుపాకిలో నిజమైన తూటా ఉండడం వలన ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించింది. ఆ చిత్రపు ఆయుధాల పర్యవేక్షకురాలికి 2024లో 18 నెలల జైలు శిక్ష పడింది. భారతదేశంలో నిజమైన తుపాకులకు 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి.

విద్యార్థులు నాటకాలకు, పోటీలకు వస్తువులు చేసుకునేటప్పుడు అట్ట, ఫోమ్, తేలికైన కర్ర సరిపోతాయి. అంచులను గుండ్రంగా చేయడం, నిజమైన తుపాకిని పోలిన వస్తువును బహిరంగ ప్రదేశాలలో తిప్పకుండా ఉండడం అవసరం.

ఇవి కూడా చూడండి

* ఆదిత్య 369
* కల్కి 2898 ఏ.డి.
* మాయాబజార్
* చిందు భాగవతం
* నిర్మల్ బొమ్మలు