నాటకాన్ని నడిపిన హార్మోనియం

పాత పద్యనాటకం పుస్తకం ఏది తెరిచినా ప్రతి పద్యానికీ ముందు ఒక అక్షరం కనిపిస్తుంది. ఉ. అంటే ఉత్పలమాల, చ. అంటే చంపకమాల, సీ. అంటే సీసం. పాటకైతే రాగం, తాళం వేసేవారు. ఒక్కోసారి ఫలానా పాట మట్టు అని కూడా అచ్చువేసేవారు. పద్యానికి మాత్రం ఛందస్సు చెప్పి ఊరుకునేవారు. తిరుపతి వేంకట కవులు పాండవోద్యోగ విజయాలు రాసిచ్చారు కానీ, రాయబారం సీనులో కృష్ణుడు ఏ పద్యం మోహనలో ఎత్తుకోవాలి, ఏది కల్యాణిలో, ఎక్కడ రాగం తియ్యాలి, ఎక్కడ తియ్యకుండా మాటలోకి దిగిపోవాలి అన్నది పుస్తకంలో ఎక్కడా ఉండదు. అదంతా ఊళ్లో రిహార్సల్సు చేయించే హార్మోనిస్టు చూసుకునేవాడు. సినిమా రాకముందే మనకున్న సంగీత దర్శకుడు ఆయనే. కరపత్రంలో పేరు మాత్రం నటులందరి తర్వాతే.

ఈ ఉద్యోగం ఎలా పుట్టిందో చెప్పుకోవాలంటే 1880 దాకా వెళ్లాలి. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో విద్యార్థుల చేత తెలుగు నాటకాలు ఆడించిన సంవత్సరం అది. ఆ రోజుల్లోనే ధార్వాడ నాటక కంపెనీ కోస్తా పట్టణాల్లో తిరిగి పాటలతో, తెరలతో, తళుకు దుస్తులతో జనాన్ని కట్టిపడేసింది. అది చూసినవాళ్లకు పాటలేని నాటకం చప్పగా తోచిందంటే ఆశ్చర్యం లేదు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ పెట్టి, చిత్రనళీయం లాంటి నాటకాల్లో పాటను పూర్తిగా లోపలికి తెచ్చారు. అక్కడి నుంచి ప్రతి నాటక సమాజానికీ ఒక వాయిద్యగాడు కావలసి వచ్చింది.

ఆ వాయిద్యం మనది కాదు. 1840ల్లో ప్యారిస్‌లో తయారైన పెట్టె మిషనరీలతో, దొరలతో ఇక్కడికి వచ్చింది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేలమీద కూర్చుని ఒక చేత్తో గాలి కొట్టి వాయించేలా మార్చాడు. మన నాటకాలవాళ్లు మాత్రం కాళ్లతో తొక్కే లెగ్ హార్మోనియాన్నే ఎక్కువ ఇష్టపడ్డారు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, శబ్దమూ దండిగా వస్తుంది. గమకం పలకదని శాస్త్రీయ విద్వాంసులు దాన్ని ఏనాడూ పూర్తిగా ఒప్పుకోలేదు. 1940లో ఆకాశవాణి దాన్ని వెలివేస్తే మళ్లీ లోపలికి రావడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. నాటకాలవాళ్లు ఈ గొడవ పట్టించుకోలేదు. మైకులు లేని రోజుల్లో వెయ్యిమంది కూర్చున్న పందిట్లో నటుడికి శృతి వినబడాలంటే తంబురా చాలదు మరి.

శృతి దగ్గరే హార్మోనిస్టు అసలు పనితనం. మనవాళ్లు శృతులను అంకెలతో చెబుతారు. తెల్ల మెట్లకు ఒకటి నుంచి ఏడు; నల్లవి ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడుకూ నాలుగుకూ మధ్య నల్ల మెట్టు లేదు కనుక మూడున్నర అనే శృతే లేదు. ఒకటి శృతిలో మోహన వాయిస్తే ఐదు స్వరాలూ తెల్ల మెట్ల మీదే పడతాయి. అదే మోహన నాలుగున్నరకు మారిందా, ఐదూ నల్లవే. ఒకటిన్నరలో నాలుగు నల్లవి, ఒకటి తెల్లది. రాగం ఒక్కటే, వేళ్లు తిరిగే దారి మాత్రం ప్రతి శృతికీ వేరు.

కాంట్రాక్టు నాటకాలు వచ్చాక ఈ విద్యకు గట్టి పరీక్షే ఎదురైంది. కాంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి ఒక్కో పేరున్న నటుణ్ణి పిలిపించి, రిహార్సలు లేకుండా ఆ రాత్రికి రాత్రే ఆడించేవాడు. ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు. పడక సీనులో ఒకరు, రాయబారంలో మరొకరు. ఒకాయన నాలుగు, ఇంకొకాయన రెండున్నర. ‘మాస్టారూ, ఇవాళ గొంతు బాగాలేదు, అర దించండి’ అని తెర లేచే ముందు చెవిలో వేసిపోయేవాళ్లూ ఉండేవారు. పద్యానికి తాళం లేదు. నటుడు ఎప్పుడు సాగదీస్తాడో, ఎప్పుడు విరుస్తాడో కళ్లతో కనిపెట్టి వెంట వెళ్లాలి. అతను ఊపిరి తీసుకునే చోట స్వరం నింపాలి. పాదం మరిచిపోతే రాగం కాస్త పొడిగించి అందేదాకా ఆదుకోవాలి. ‘వన్స్ మోర్’ అని పందిరి అరిచిందా, కథ అక్కడే ఆగి మళ్లీ ఎత్తుగడ.

ఊరి నాటకం తీరు వేరు. అక్కడ ధర్మరాజు రైతు, అర్జునుడు బడిపంతులు, భీముడు బజారులో కొట్టు పెట్టుకున్నవాడు. హార్మోనిస్టును వేరే ఊరి నుంచి పిలిపించుకుని, మకాం, భోజనం చూసుకుంటూ రాత్రిళ్లు పద్యాలు నేర్చుకునేవారు. చదువు రానివాళ్లు కూడా విని విని సీసాలు పట్టేవారు. ఎవరి గొంతు పైకి పోదో వారి పద్యం వరస కాస్త కిందికి దించడం, శ్రుతి అస్సలు కుదరనివాడికి నొచ్చుకోకుండా మాటల పాత్ర అంటగట్టడం కూడా మాస్టారి పనే. ఈ రెండోది సంగీతం కంటే కష్టమని నా నమ్మకం. స్త్రీ పాత్రలకు పట్నం నుంచి పిలిపించిన నటీమణి సాయంత్రం బస్సు దిగేది. ఆమెకు వచ్చిన వరసకూ, ఊరివాళ్లు నేర్చుకున్న వరసకూ అప్పటికప్పుడు పొత్తు కుదర్చాలి. చందాల కేశవదాసు రాసిన ప్రార్థనతో తెర లేచేసరికి ఈ సర్దుబాట్లన్నీ అయిపోవాలి.

ఈ పాటల జోరు అందరికీ నచ్చలేదు. నచ్చనివారిలో ముందువరస బళ్లారి రాఘవది. నాటకంలోకి పాటను తెచ్చిన ధర్మవరం రామకృష్ణమాచార్యులకు ఆయన స్వయానా మేనల్లుడు! నటుడు పాత్ర మరిచి కచేరీ చేస్తున్నాడన్నది ఆయన ఫిర్యాదు. సగం నిజమే. కొడుకు శవం ముందు పెట్టుకుని చంద్రమతి గుక్కతిప్పుకోకుండా రాగం తీస్తే నవ్వొస్తుంది. కానీ మిగతా సగం కూడా చూడాలి. పీసపాటి నరసింహమూర్తి రాగాన్ని పొదుపుగా వాడి, పద్యంలో మాట స్పష్టంగా వినబడేలా పాడి కృష్ణుడిగా పేరు తెచ్చుకున్నారు. హరిశ్చంద్రలో డి.వి. సుబ్బారావు కాటిసీను విన్నవాళ్లకు జాషువా శ్మశానవాటి పద్యాలు నోటికొచ్చేశాయి. బడిలో చదవని కవిత్వం అలా ఊళ్లకు చేరింది. రాగం మితిమీరడంలో దోషం వాయించేవాడిలో ఉందా, ఆపమన్నా ఆపని నటుడిలో ఉందా అన్నది వేరే ప్రశ్న.

టాకీలు వచ్చాక మద్రాసుకు కావలసిన సంగీతజ్ఞులు ఈ రంగస్థలాల మీది నుంచే దొరికారు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలతో ఎదిగిన ఆదినారాయణరావు ‘సువర్ణసుందరి’ (1957)లో ఒక్క పాటను రాగమాలికగా అల్లితే దేశమంతా విన్నది. పెండ్యాల నాగేశ్వరరావూ రంగస్థల హార్మోనియం నుంచి వచ్చినవారే. వాళ్ల పేర్లు సినిమా టైటిళ్లలో మిగిలాయి. ఊళ్లలో పద్యాలకు వరసలు కట్టినవారి పేర్లకు ఆ భాగ్యం లేదు. ఫలానా పద్యం ఫలానా రాగంలోనే పాడాలని నటులు ఇవాళ పట్టుబడతారు. ఆ రాగం మొదట ఎవరు పెట్టారంటే, మా గురువుగారు నేర్పారంటారు.

ఇప్పుడు లెగ్ హార్మోనియం స్థానంలో చాలాచోట్ల కీబోర్డు వచ్చింది. దానికి శృతి మార్చే మీట ఉంది. ఒకటిలో నేర్చిన వేళ్లతోనే నాలుగున్నర పలికించవచ్చు. ఇందులో తప్పేమీ లేదు, పెట్టె మోసే బాధ కూడా తగ్గింది. అక్కడక్కడ నేపథ్య సంగీతాన్ని ముందే రికార్డు చేసుకుని కూడా వస్తున్నారు. యుద్ధం సీనుకు, తెర మార్పుకు అది చక్కగా పనికొస్తుంది. సీసపద్యం రెండో పాదం మరిచి కృష్ణుడు నాలుగోదానికి దూకినప్పుడు మాత్రం పక్కన మనిషి ఉండాల్సిందే. అందుకే రికార్డు తెచ్చుకున్నవాళ్లు కూడా పద్యాలకు హార్మోనిస్టును మాట్లాడుకునే వస్తారు.