చిన్నప్పుడు ఆపరేషన్ అయిన గుండె



కోరుట్లలో మేము దర్శించే ఒక ఇంట్లో బీడీలు చుట్టే సహోదరి ఉన్నది. ముప్పై ఏండ్లకు కొంచెం అటుగా ఉంటుంది. "రెండు మెట్లెక్కితే దమ్మొస్తాంది అయ్యగారూ, రక్తం తక్కువున్నదేమో" అన్నది. వాళ్లమ్మ అడ్డం వచ్చి, "గుండె ఆపరేషన్ చిన్నప్పుడే అయింది గదా, ఇంక గుండెకేమైతది?" అన్నది. ఇరవై ఏండ్లుగా ఆ బిడ్డను ఏ గుండె డాక్టరుకూ చూపించలేదు. ఆ మాట వాళ్లకు నేర్పింది మేమేనని ఒప్పుకోవాలి. సెమినరీ నుండి కొత్తగా వచ్చిన రోజులవి. కృతజ్ఞతా కూటంలో మైకు పట్టుకొని, "ఇక ఈ బిడ్డకు డాక్టరుతో పనిలేదు" అని చెప్పినవాళ్లం మేమే. అందుకే ఈ చరిత్ర రాస్తున్నాము.

ఆమెది పుట్టుకతో వచ్చిన జబ్బు. గుండె కింది గదుల మధ్య రంధ్రం, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి ఇరుకు. చెడు రక్తం మంచి రక్తంలో కలిసి పెదవులు, గోళ్లు నీలంగా మారతాయి. ఒకప్పుడు ఇలాంటి పిల్లల్లో చాలామంది పెరిగి పెద్దకాకుండానే పోయేవారు. హెలెన్ టౌసిగ్ అనే వైద్యురాలికి చెవులు సరిగా వినపడవు. పిల్లల రొమ్ము మీద వేళ్లు ఆనించి గుండె చప్పుడు తెలుసుకునేది. ఊపిరితిత్తులకు రక్తం చేరడానికి ఇంకో దారి వేయవచ్చు గదా అని ఆమె అడిగింది. 1944 నవంబర్ 29న బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ ఆ పని చేశాడు. ఆయన వెనుక పీట మీద నిలబడి, కుట్లు ఎలా వేయాలో చెప్పినవాడు వివియన్ థామస్. నల్లజాతివాడు, వడ్రంగం నేర్చినవాడు, డాక్టరు చదువు లేనివాడు. ఆ ఆపరేషన్‌ను ముందు కుక్కల మీద చేసి సాధించింది ఆయనే. గౌరవ డాక్టరేటు మాత్రం 1976 దాకా రాలేదు.

అయినా అది పక్కదారే, రంధ్రం అలాగే ఉండేది. 1954లో మిన్నెసోటాలో వాల్టన్ లిల్లెహై గుండెనే తెరిచి రంధ్రం మూశాడు, ఇరుకు దారి వెడల్పు చేశాడు. అప్పటికి ఆయన దగ్గర గుండె పని చేసే యంత్రం లేదు. మరొక మనిషి రక్తనాళాలను గొట్టాలతో బిడ్డకు కలిపి, ఆ మనిషి గుండెతోనే ఇద్దరినీ బ్రతికించాడు. దీనిమీద ప్రసంగం చేయాలని మనసు లాగుతుంది గాని, విషయానికే వద్దాము.

మన దేశంలో ఈ పనికి దారి వేసినవాటిలో మన పెద్దలు రాయవేలూరు అని పిలిచే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఒకటి. 1900లో ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన చోటు అది. 1949లో రీవ్ బెట్స్ అక్కడ రొమ్ము శస్త్రచికిత్స విభాగం ప్రారంభించాడు. 1960ల ఆరంభానికే అక్కడ గుండె తెరిచి ఆపరేషన్లు జరిగాయి. మన దగ్గర ఆ ఖర్చు పేదవానికి అందింది చాలా తర్వాత. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలై, 2008లో రాష్ట్రమంతటికీ వచ్చింది. సాంచెల మీద పనిచేసే సిరిసిల్ల తండ్రులు బిడ్డల గుండె ఆపరేషన్‌కు ఇల్లు అమ్మే అవసరం అప్పటినుండి తగ్గింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇరుకు దారి వెడల్పు చేసేటప్పుడు అక్కడి కవాటాన్ని చాలాసార్లు కోయక తప్పదు. తలుపు లేని గడప వంటిదన్నమాట. ఊపిరితిత్తులకు వెళ్లిన రక్తంలో కొంత వెనక్కి వస్తూ ఉంటుంది. బిడ్డ ఆడుతుంది, చదువుతుంది, పెళ్లి అవుతుంది. కుడి గది మాత్రం ఏండ్ల తరబడి సాగుతూ పోతుంది. ఆయాసం వచ్చేనాటికి కొన్నిసార్లు ఆలస్యమైపోతుంది. సరైన సమయంలో కొత్త కవాటం వేస్తే గుండె మళ్లీ కుదుటపడుతుంది. ఇవి ఎక్కువగా పశువుల కణజాలంతో చేసినవి, కొన్నేండ్లకు మళ్లీ మార్చవలసి రావచ్చు. 2000లో ఫిలిప్ బోన్‌హోఫర్ రొమ్ము తెరవకుండా రక్తనాళం గుండా కవాటం పంపి చూపించాడు. అందరి గుండెకూ అది కుదరదు.

ఇంకో రకం వారున్నారు. బృహద్ధమనికి మూడు రెక్కలుండవలసిన కవాటం రెండు రెక్కలతో పుడుతుంది, నూటికి ఒకరిద్దరిలో. నడివయసులో అది గట్టిపడితే లోహపు కవాటం వేస్తారు. తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థలో వలియతాన్ బృందం చేసిన మూడు నమూనాలు ఒకదాని వెనుక ఒకటి విఫలమయ్యాయి. నాలుగవదాన్ని 1990 డిసెంబర్ 6న మొదటిసారి మనిషికి అమర్చారు. ఇప్పటికి లక్షమందికి పైగా అది వేసుకున్నారు. ఇలాంటి కవాటం ఉన్నవారు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర మింగాలి, క్రమంగా ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకోవాలి. ప్రార్థన చేయించుకున్నామని మాత్ర మానేస్తే కవాటం మీద గడ్డ కడుతుంది. ఆకుకూరలు మానక్కరలేదు, రోజూ ఒకే మోతాదులో తింటే చాలు. పన్ను పీకించే ముందు కవాటం సంగతి డాక్టరుకు చెప్పాలి. పిల్లలు కావాలనుకునే చెల్లెళ్లు ముందే అడగాలి.

కోరుట్ల సహోదరికి హైదరాబాదులో ఎకో తీశారు. కవాటం బాగా లీకవుతోందట, కుడి గది ఇంకా చేయి దాటలేదట. తేదీ కోసం ఎదురుచూస్తున్నది. పాత డిశ్చార్జి కాగితం బీడీ ఆకుల సంచి అడుగున దొరికింది. మొదటి డాక్టర్లు ఏం చేశారో అందులో ఉండటం వల్ల ఇప్పటి డాక్టర్లకు పని తేలికైంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సంఘాల్లో చిన్నప్పుడు రొమ్ము మీద ఆపరేషన్ అయినవారు ఎవరున్నా, ఇంట్లో ఆ కాగితాలు వెదకండి. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక తీసుకొని రండి. సోమవారం వాటితో మేమూ మీతో ఆసుపత్రికి వస్తాము.