దూదిదేవుడు

జపానుదేశమున ఐచీ మండలమునందలి నిషియో పట్టణములో తెంజికు దేవాలయమను నొక చిన్న గుడి కలదు. అందు పూజలందుకొను దైవము భరతఖండమునుండి సముద్రముపై కొట్టుకొనిపోయిన యొక యువకుడనియు, ఆయన యేలుబడి ధనధాన్యముల మీద గాక కేవలము దూది మీదనే యనియు, ఏటేట శరత్కాలమున జరుగు నుత్సవములో ఆయన సన్నిధిని వింటినారితో దూదిని ఏకు తంతు నేటికిని నడచుచున్నదనియు తెలిసిననాడు నాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు. జపానువారు నేలపై పరచుకొని పండుకొను ఫ్యూటాను పరుపునకును మన మైదుకూరు సీమ బొంతకును ఏదో చుట్టరిక ముండవలెనని అప్పుడే తోచినది.

క్రీ.శ. 799లో, కమ్ము చక్రవర్తి పాలించుచుండగా, నిషియో పట్టణమున్న మికావా తీరమునకు ఒక చిన్న పడవ కొట్టుకొనివచ్చినది. అందున్నవాడు ఇరువదియేండ్ల యీడువాడు; మొలకొక గుడ్డయు, ఎడమభుజముపై ఉత్తరీయమువంటి నీలివస్త్రమును వాని వేషము; వాని మాట ఒక్కరికిని బోధపడలేదు. కొంతకాలమునకు వారి కర్థమగు భాష నేర్చి, తాను తెంజికు దేశీయుడనని, అనగా భారతీయుడనని, చెప్పుకొనెను. ఒంటితంత్రి వాద్యమును మీటుచు దీనస్వరమున పాడుకొనుచుండెడివాడనియు, తనవెంట తెచ్చిన వస్తువుల నమ్మి బాటప్రక్కన నొక యిల్లు కట్టించి దిక్కులేనివారికి విశ్రాంతిస్థానముగా నొసగెననియు నిహోన్ కోకి అను రాజచరిత్రము చెప్పుచున్నది. ఆ ఒంటితంత్రి వాద్యము దూదేకువిల్లే యేల కారాదని నాకొక కొంటె యూహ. దీనిని పండితు లంగీకరింపనక్కరలేదు.

ఆతని సామానులో గడ్డిగింజలవంటివి కొన్ని యుండెను. అవి ప్రత్తిగింజలు. మరుసటి యేడు, 800లో, ఆ విత్తనములను కీయి, అవాజి, సనుకి, ఇయో, తోసా మొదలైన దక్షిణసీమలకు పంపి నాటించిరి. ఎట్లు నాటవలెనో కూడ ఆజ్ఞాపత్రమున వ్రాసిరి: ఎండ తగులు సారవంతమైన నేలను ఎంచుకొని, అంగుళము లోతున, నాలుగేసి అడుగుల ఎడముతో గుంటలు త్రవ్వి, గింజలను కడిగి రేయెల్ల నానబెట్టి, తెల్లవారి గుంటకు నాలుగు చొప్పున వేసి, మన్ను కప్పి చేతితో అదిమి, ప్రతియుదయమును నీరు పోయవలెనట. వానకై మబ్బులవంక చూచు మన నల్లరేగడి రైతు ఈ చివరిమాట విన్నచో నవ్వునేమో గాని, తక్కినదెల్ల తలయూచి ఒప్పుకొనును. ఇంత శ్రద్ధ చేసినను ఆ పైరు అచ్చట నిలువలేదు. గింజ నశించెను, తెచ్చినవాడు మాత్రము దేవుడై మిగిలెను.

తరువాతి ఏడువందల యేండ్లను ఒక్క అంగలో దాటుదము. పదునారవ శతాబ్దమున ప్రత్తి జపానులో మరల వేరూనినది. చీనామార్గమున దూదేకువిల్లును చేరినది. అయినను దూదిపరుపు చాలకాలము కలవారి సొత్తే. పేదలు గడ్డి పరచుకొని పండుకొనిరి. ఎడోనగరమున యోషివారా వేశ్యావాటికలో పెద్దపేరు గల వారకాంతలకు విటులు కొత్త పరుపులను కానుకగా నిచ్చుటయు, వానిని పదుగురు చూచునట్లు పేర్చి ప్రదర్శించుటయు ఘనతగా నుండెను. ఉత్తమశ్రేణి కాంతకు ఒకదానిపై నొకటిగా మూడు ఫ్యూటానులు! పరుపుమీద పరుపు వేసిననే గాని సుఖము చాలదను సంగతి ఈనాటి దుకాణదారులు కనిపెట్టినది కాదన్నమాట.

ఇక మన సీమకు వత్తము. నాలుగు రోడ్ల కూడలియైన మైదుకూరునకు అనతిదూరమున కందిమల్లాయపల్లె యున్నది; పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి సమాధి పొందిన యా యూరినే నేడు బ్రహ్మంగారి మఠమందురు. ఆయన శిష్యులలో అగ్రగణ్యుడు ముడుమాల సిద్దయ్య. జన్మచేత దూదేకులవాడు, మతముచేత మహమ్మదీయుడు. కడప నవాబు కొలువునకు పిలిపించి సలాము చేయుమనగా, గురువునకు తప్ప అన్యులకు మ్రొక్కిన నా మ్రొక్కును వారు భరింపలేరని పలికి, ఎదుటనున్న బండరాతికి నమస్కరించెననియు, అది వ్రక్కలయ్యెననియు కథ. 1984లో ఎన్.టి. రామారావు తీసిన చిత్రములో బాలకృష్ణ ధరించినది ఈ సిద్దయ్య పాత్రనే. ముడుమాలలో ఆయన సమాధికి నేటికిని మ్రొక్కుచున్నారు. సముద్రమున కావల నొకడు, ఇచ్చట నొకడు. ప్రపంచమున దూదితో పొత్తుగల యిట్టి పూజ్యులు ఎందరుందురు!

ఆ దూదేకులవారు ఇంట తెనుగే మాటలాడుచు, పీర్లకును జాతరలకును సమానముగా నడచుచు, విల్లు భుజమున వేసుకొని యూరూర తిరిగిన జనము. మనిషియెత్తు విల్లు, జంతువుల నరముతో పేనిన నారి, దానిని కొట్టుటకొక కొయ్యగుండు. పరుపులోని దూది శరీరభారమునకు అణగి, చెమటకు ఉండలు కట్టి, కొన్నాళ్ళకు గట్టిపడును. దానిని బయటికి లాగి కంపించు నారికి తగిలించిన పోగులు విడివిడియై, దుమ్ము రాలి, నడుమ గాలి చేరి, గంపెడు దూది గదినిండ పొంగును. మెత్తదనమెల్ల ఆ గాలిలోనిదే. ముక్కునకు గుడ్డ కట్టుకొని పొద్దస్తమానము ఆ ధూళిలో కూర్చున్నవానికి మన మిచ్చిన మర్యాద, వాని కులనామమైన పింజారి శబ్దమును తిట్టుగా వాడుట! సిగ్గుపడవలసిన సంగతి. జపానులో నేటికిని పాత ఫ్యూటానును విప్పి, దూదిని మరల ఏకించి, కొత్తగుడ్డలో కుట్టించు ఆచారమున్నది. మనకా యోపిక నశించినది. దూదేకుటకు యంత్రములు వచ్చినవి. పరుపు చెడిన పారవేయుట నాగరికత యైనది.

దూదియు మారినది. మన సీమలో తొలివానకు విత్తిన ముంగారి ప్రత్తి పొట్టిపోగుది, ముతకది. మరమగ్గములకు లోకువ, పరుపునకు మాత్రము అమృతము, ఏలయన బిరుసైన పోగు అణగినను తిరిగి లేచును. పొడవుపోగు అమెరికా జాతులును, 2002లో అనుమతి పొందిన బీటీ సంకరములును దానిని పొలమునుండి తరిమినవి. పరుపుల దుకాణమునందు దూదికి బదులు స్పంజి చేరినది. 1966లో అమెరికా అంతరిక్షసంస్థ నాసాకై చార్లెస్ యోస్టు విమానాసనములకని కల్పించిన మెమరీఫోము ఇప్పుడు మన పడకటింటిదాక వచ్చినది.

అమెరికాలో చదువుచున్న మా యక్కకొడుకు మొన్న ఫోను చేసి, "మామా, పగలు సోఫా, రాత్రి మంచం అయ్యే ఫ్యూటాన్ పాతది కొన్యాను. పండుకుంటే నడుము పట్టకపోతాంది. పైన ఏం పర్చుకోవాల?" అని యడిగెను. ఏకు మేకైనదనగా ఇదియే. లోని దూది అణగి చట్రపు బద్దలు తగులుచున్నవి. అచ్చట ఏకువాడు లేడు, కాబట్టి పైపరుపే గతి. నా బుద్ధికి తోచినది చెప్పితిని. మెమరీఫోము ఒంటివేడికి కరగినట్లు లొంగును, చలిగదిలో బిగుసుకొనును, వేసవిలో వేడిని పట్టియుంచును. రబ్బరుపాలతో చేసిన లేటెక్సు చలికిని వేడికిని అంతగా మారదు, నొక్కిన వెంటనే లేచును, కాని బరువెక్కువ. ఫ్యూటానును పగలు మడువవలెను గనుక రోజును చుట్టి యెత్తవలసిన బరువును గూడ లెక్కింపవలెను. నాలుగంగుళములది కొన్నచో వారమునకు విసుగు పుట్టును. ప్రక్కకు తిరిగి పండుకొనువాడు గనుక భుజమునకును తుంటికిని రెండంగుళముల లేటెక్సు చాలును. దానిపై పలుచని దూదిబొంత యొకటి చెమట పీల్చుటకు.

"బొంత యాడ దొరుకుతాది మామా ఈడ?" అనెను. వాళ్ళమ్మ పాతచీరలతో కుట్టినది మైదుకూరు మిద్దెమీద ఎండుచున్నదనియు, దానిని పార్సెలు చేయుటకు తూకమెంతో కనుగొనుమనియు చెప్పితిని. తూచినాము, పార్సెలు ఖర్చు లేటెక్సు వెలకు సమముగా తేలినది. ప్రస్తుతమునకు వాడు దుప్పటి నాలుగుమడతలు వేసి సరిపెట్టుకొనుచున్నాడు.