క్రిస్మసు తోరణముల చరిత్ర

పండుగ వచ్చుచున్నదనగా ప్రతి గ్రామమునను రెండు విధములైన మాటలు వినబడును. ఇల్లు అలికి, ముగ్గు పెట్టి, గుమ్మమునకు మామిడాకులు కట్టకున్న అది యేమి పండుగయని కొందరందురు. ఈ శ్రమ యెందుకు, అప్పు చేసి ఈ వ్యయ మెందుకని మరికొందరందురు. ఇరువురి మాటలోను కొంత న్యాయము కలదు గనుక, నడుమ నిలిచి చెప్పవలసిన పెద్దలకు చిక్కు తప్పదు. ఈ వివాదము మన కొక్కరికే వచ్చినది కాదు. ఇంగ్లండు దేశమున క్రిస్మసు పండుగను గూర్చి ఇట్టి వివాదమే పుట్టి, ఒకప్పుడు శాసనముల వరకును, వీథులలో కొట్లాటల వరకును పోయినది. ఆ వృత్తాంతమును నేడు మీకు మనవి చేయదలచితిని.

క్రిస్మసు డిసెంబరు 25వ తేదీన వచ్చును. ఆ దేశమున అది గడ్డు చలికాలము. పగలు ఎనిమిది గంటలకు మించదు. చెట్లు చాలవరకు ఆకులు రాల్చి మోడులై నిలుచును. అట్టి కాలమున ఆకు రాల్చని చెట్లు కొన్ని కలవు. ముండ్ల అంచు గల ఆకులును ఎఱ్ఱని పండ్లును గల హాలీ యొకటి, గోడల కెగబ్రాకు ఐవీ తీగ యొకటి. వీని కొమ్మలను తెచ్చి అచటివారు పండుగనాడు ఇండ్లకు, దేవాలయములకు కట్టెడివారు. జాన్ స్టో అను చరిత్రకారుడు 1598లో ప్రకటించిన లండను నగర వర్ణనమున ఈ యాచారమును పేర్కొనినాడు. క్రీస్తు మతము వ్యాపింపక పూర్వమే రోమనులు డిసెంబరు నడుమ తమ పండుగలలో పచ్చని కొమ్మలతో ఇండ్లు అలంకరించుకొనెడివారు. ఈ పూర్వసంబంధమే తరువాతి ఆక్షేపణలకు ఒక కారణమైనది.

ఆ ఆక్షేపణ చేసినవారు ప్యూరిటనులను క్రైస్తవులు. వారు నిష్ఠాపరులు. క్రీస్తు జన్మదినమును ఇట్లు జరుపుమని వేదగ్రంథమున ఎచ్చటను లేదు గదాయని వారి వాదము. పండుగ పేరిట త్రాగుడు, జూదము, అల్లరి పెచ్చు పెరుగుచున్నవని వారి బాధ. ఈ మాటలు వట్టి ద్వేషముచే పలికినవి కావు. అప్పుడు రాజునకును పార్లమెంటునకును యుద్ధము జరుగుచుండెను. పార్లమెంటున వీరి మాట చెల్లుచుండెను. ప్రతి మాసము కడపటి బుధవారము ఉపవాసదినముగా అప్పటికే నియమింపబడియుండగా, 1644లో క్రిస్మసు సరిగా ఆ బుధవారముననే పడెను. విందు మాని ఉపవాసమే చేయవలెనని పార్లమెంటు ఆజ్ఞాపించెను. 1647 జూన్ మాసమున క్రిస్మసు, ఈస్టరు మొదలగు పండుగల నన్నిటిని రద్దు చేసెను. వానికి బదులుగా సేవకులకును, పని నేర్చుకొను కుఱ్ఱవాండ్రకును ప్రతి మాసము రెండవ మంగళవారము సెలవు నిచ్చెను.

లెక్క చూచిన ఏటికి పండ్రెండు సెలవులు. నష్టమేమున్నది? కాని ప్రజలకది లెక్కకు సంబంధించిన విషయముగా తోచలేదు. ఆ సంవత్సరమే క్రిస్మసునాడు లండనులోని కార్న్‌హిల్ అను చోట నీటికుండీపై కుఱ్ఱవాండ్రు హాలీ, ఐవీ కొమ్మలు కట్టిరి. నగరాధ్యక్షుడు తన మనుష్యులతో వచ్చి వానిని తీయింప బోగా పెద్ద అల్లరి జరిగెను. కాంటర్బరీ పట్టణమున ఆనాడు దుకాణములు తెరిచియే యుంచవలెనని మేయరు ఆజ్ఞ చేసెను. తెరచిన దుకాణములపై జనము పడి సరకులను వీథి పాలు చేసిరి. ఇండ్ల గుమ్మముల యెదుట హాలీ కొమ్మలు నిలిపిరి. 1648 మే నెలలో ఈ అల్లరికి నాయకులని పట్టుబడినవారిపై అభియోగము తెచ్చుటకు స్థానిక జ్యూరీ యొప్పుకొనలేదు. ఆ కలహము పెరిగి కెంటు మండలమున తిరుగుబాటై, సైన్యము వచ్చిన గాని అణగలేదు. గుమ్మమునకు కట్టిన కొమ్మ యెంత దూరము పోయెనో చూడుడు.

ఇంత పట్టుదల యెందుకు కలిగెనో నాకు తోచినది చెప్పెదను. ధనవంతునకు ఏ దినమైనను విందు దినమే. సంవత్సరమంతయు ఒకరి యింట పని చేసి బ్రతుకు పేదవానికి తన పెద్దల నాటి నుండి వచ్చిన పండుగ ఒక్కటియే తనది. మంగళవారపు సెలవు ప్రభువు లిచ్చినది. పండుగ తన తండ్రి యిచ్చినది. పొదలో కోసిన కొమ్మకు కాసు ఖర్చు లేదు. అది కూడ తీసివేయుమన్న నాడు తన గడపపై తనకు అధికారము లేదన్నట్లే వానికి తోచెను. 1660లో రాజు తిరిగి వచ్చిన పిమ్మట ఆ శాసనములు చెల్లవని ప్రకటింపబడెను. పచ్చని కొమ్మలు మరల బహిరంగముగా గుమ్మముల కెక్కినవి.

ఈ ప్యూరిటనులలో కొందరు ముందే సముద్రము దాటి అమెరికాలో గ్రామములు కట్టుకొనిరి. అచట మస్సాచుసెట్సు ప్రభుత్వము 1659లో క్రిస్మసు జరుపువారికి ఐదు షిల్లింగుల జుల్మానా విధించెను. 1681లో ఆ చట్టము తొలగినను సంకోచము చాలకాలము తొలగలేదు. అమెరికా సమష్టి ప్రభుత్వము క్రిస్మసును సెలవుదినముగా చేసినది 1870లోనే. స్కాట్లండు దేశమున 1958 వరకును అది సార్వజనిక సెలవుదినము కాలేదు.

ఇప్పుడు అందరు ఎరిగిన క్రిస్మసు చెట్టు జర్మనుల ఆచారము. ఇంటిలో చెట్టు నిలిపి కాగితపు గులాబీలు, ఆపిలు పండ్లు, మిఠాయిలు కట్టెడివారని స్ట్రాస్‌బర్గు పట్టణమునకు చెందిన 1605 నాటి వ్రాత చెప్పుచున్నది. జర్మనీ ఆడపడుచైన షార్లెట్ రాణి 1800లో ఇంగ్లండున విండ్సరులో ఇట్టి చెట్టును పెట్టించెను. 1848లో విక్టోరియా రాణి కుటుంబము చెట్టు చుట్టు నిలిచియున్న చిత్రము ఒక లండను పత్రికలో వెలువడెను. దానిని చూచి సామాన్య గృహస్థులును చెట్లు పెట్టనారంభించిరి. 1882లో ఎడ్వర్డు జాన్సన్ అను నాతడు న్యూయార్కులోని తన యింట చెట్టునకు ఎఱుపు, తెలుపు, నీలపు రంగుల ఎనుబది విద్యుద్దీపములు వెలిగించెను.

ఇచ్చటనే కథ మలుపు తిరిగినది. మునుపు కొమ్మ కట్టరాదని ప్రభుత్వము ఒత్తిడి చేసెను. ఇప్పుడు కొనకతప్పదని అంగడి ఒత్తిడి చేయసాగెను. ఇరుగుపొరుగు ఏమనుకొందురో యను భయము దానికి తోడయ్యెను. న్యూయార్కు దుకాణములలో పని చేయు స్త్రీలు తమ కొలది జీతముల నుండి పైయధికారుల కానుకలకై చందా లీయవలసి వచ్చెడిది. ఇట్టి నిర్బంధమును మాన్పుటకై 1912లో అచట కొందరు స్త్రీలు వ్యర్థపు కానుకలను నిరోధించు సంఘము నొకదానిని స్థాపించిరి. పూర్వము అధ్యక్షుడుగా నుండిన థియొడోర్ రూజ్‌వెల్టు కూడ అందు చేరెను. వారు పండుగకు శత్రువులు కారు. ఇష్టముతో ఇచ్చిన దానిని కానుక యనవచ్చును గాని భయముతో ఇచ్చినది పన్నే యగునని వారి అభిప్రాయము.

అలంకారము మనస్సునుండి వచ్చినప్పుడు దాని బలమెట్టిదో 1914లో కనబడినది. మహాయుద్ధపు మొదటి క్రిస్మసునాటి రాత్రి, పశ్చిమ రణరంగమున జర్మను సైనికులు తమ కందకముల గట్లపై చిన్న చెట్లు నిలిపి క్రొవ్వొత్తులు వెలిగించిరి. ఎదుటి బ్రిటిషు సైనికులు ఆ దీపములను చూచిరి. పెక్కు చోట్ల ఇరుపక్షములవారు తుపాకులు విడిచి నడుమ నేలపై కలిసికొని, చనిపోయినవారిని పూడ్చుకొనిరి. సేనాధిపతులకది నచ్చలేదు, యుద్ధము మరల సాగెను. అయినను ఆ దీపములను పెట్టుమని వారికి ఎవరును ఆజ్ఞ చేయలేదు, పెట్టుటకు వారు వెనుదీయనులేదు.

మన తెలుగునాట క్రైస్తవ గృహములపై డిసెంబరు మాసమున కాగితపు నక్షత్రములు వ్రేలాడుట మీరును చూచియే యుందురు. వెదురు బద్దలు కట్టి, రంగు కాగితము అంటించి, లోపల దీపము పెట్టి పిల్లలు చేసికొనిన నక్షత్రములను నేను చూచితిని. అంగడిలో కొనిన నక్షత్రములును చూచితిని. కొనినవాని యింట పండుగ ఎక్కువయు కాదు, చేసికొనినవాని యింట తక్కువయు కాదు. దీపమే లేని యింటిని చూచి చులకన చేయు మాట మాత్రము పెద్దల నోట రాకూడదు.

ఏ మతమువారి పండుగకైనను ఇదియే చెల్లునని నా నమ్మకము. దురలవాట్లను మాన్పుటకు పెద్దలు పూనుకొనవలసినదే. కాని గుమ్మమునకు తోరణము కట్టువానిని వలదనుటయు, కట్టలేనివానిని సిగ్గుపరచుటయు రెండును ఒకే తప్పు. ఆ నిర్ణయమును ఆ గడప గలవానికే విడుచుట మేలు.